ఒక యంత్రపు వ్రాత, వేఱొక యంత్రపు చదువు

తాటియాకుపై గంటముతో వ్రాసిన గ్రంథమును చదువుటకు లిపి తెలిసిన కన్నులుండిన చాలును. కంప్యూటరులో వ్రాసిన పత్రమునకు ఆ సౌలభ్యము లేదు. అందు అక్షరములు అంకెలుగా నిలువయుండును. ఏ యంకె యే యక్షరమో, ఏ గుర్తు శీర్షికకో, ఏది పేరాకో నిర్ణయించునది వ్రాతకు వాడిన ప్రోగ్రాము. ఆ నిర్ణయము నెఱుగని వేఱొక ప్రోగ్రాము ఆ పత్రమును తెఱచినను సరిగా చదువనేరదు.

1978లో వెలువడిన వర్డ్‌స్టార్ ఇందుకు నిదర్శనము. ఆస్కీ సంకేతములో అక్షరమునకు ఏడు బిట్లు చాలును. మిగిలిన యెనిమిదవ బిట్టును వర్డ్‌స్టార్ ప్రతిపదము తుది యక్షరమున తన సొంత గుర్తుగా వాడుకొన్నది. ఆ పత్రమును ఇతర ప్రోగ్రాములలో చూచినవారికి పదముల చివరలు వింత గుర్తులుగా కనబడెను. పిదప ప్రాబల్యమునకు వచ్చిన వర్డ్‌పర్ఫెక్ట్, మైక్రోసాఫ్ట్ వర్డ్‌లు ఎవరి కట్టుబాట్లు వారివిగా నడచినవి.

ఈ చిక్కు తీర్చుటకు మధ్యవర్తి కావలసివచ్చెను. 1987లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఆర్.టి.ఎఫ్. అను రూపమును వెలువరించినది. అందలి గుర్తులు సాదా అక్షరములలోనే యుండుటచే అన్యప్రోగ్రాములును దానిని గ్రహింపగలిగినవి. అయినను జనులు విశేషముగా వాడినది వర్డ్ సొంత రూపమగు డాక్. దాని నిర్మాణవివరములను ఆ సంస్థ 2008లో స్వేచ్ఛగా ప్రకటించెను. అంతకుముందు పోటీ ప్రోగ్రాములను రచించువారు ఫైళ్లను శోధించి చాలవఱకు ఊహింపవలసివచ్చెడిది.

ఇంతలో 2006లో ఓపెన్ డాక్యుమెంట్ రూపము అంతర్జాతీయ ప్రమాణమైనది. మైక్రోసాఫ్ట్ పక్షమున వచ్చిన ఆఫీస్ ఓపెన్ ఎక్స్.ఎం.ఎల్. 2008లో ఆమోదము పొందినది. భారతదేశము దానికి ప్రతికూలముగా ఓటు వేసినది. ఇట్లు ఒకే పనికి రెండు ప్రమాణములు నిలిచినవి. ఒకదానినుండి వేఱొకదానికి మార్చునప్పుడు పట్టికలు చెదరుట, పుటలు జరుగుట నేటికిని కలదు.

తెలుగువారికి మఱియొక చిక్కు. 1991లోనే యూనికోడ్ తెలుగక్షరములకు స్థానమిచ్చినను, మన ముద్రణాలయములు అను మొదలగు ఫాంటులను చిరకాలము వాడినవి. వానిలో ఆంగ్లాక్షరముల స్థానములందే తెలుగు అక్షరభాగము లమర్పబడినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ పుస్తకపు ఫైలు అర్థములేని ఆంగ్లాక్షరముల వరుసగా కనబడును.

కావున మన యిండ్లలో పెద్దలు వ్రాయించిన జ్ఞాపకములు, వంశచరిత్రలు ఇట్టి ఫైళ్లలో నున్నచో, వానిని చదువగల యంత్రము పనిచేయుచుండగనే యూనికోడులోనికి మార్చి, బహిరంగరూపములో నొక ప్రతిని, కాగితముపై నొక ప్రతిని భద్రపఱుచుకొందము. ఆలస్యమైనచో ఫైలు మిగిలినను చదువు మిగులదు.