అరకు కాఫీకి ఆ రుచి ఎలా వచ్చింది

మామిడి కోతలు అయిపోయి కాస్త తీరిక దొరికింది గనక ఈసారి మన పంట గురించి కాకుండా కొండమీది పంట గురించి రాస్తున్నా. అరకు కాఫీ పేరు అందరం వింటున్నాం, దాని వెనక కథ మాత్రం మనలో చాలామందికి తెలీదు.

కాఫీ పుట్టిల్లు ఇథియోపియా. బాబా బుడన్ అనే ఫకీరు యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్‌మగళూరు కొండల్లో నాటాడని కన్నడం వాళ్ళు చెప్పుకుంటారు. అది 17వ శతాబ్దం మాట. మన తూర్పు కనుమలకి రావడానికి ఇంకో రెండొందల ఏళ్ళు పట్టింది. 1898లో తూర్పుగోదావరి ఏజెన్సీలో, పాములేరు లోయలో తెల్లవాళ్ళ హయాంలో మొదట వేశారంటారు.

అరకు, పాడేరు, చింతపల్లి వైపు పెద్దఎత్తున వేసింది 1960ల నుంచి, అటవీశాఖ వాళ్ళు. గిరిజనులు పోడు కొట్టుకుని రాగి, సామ పండించుకునేవాళ్ళు. పోడు తగ్గాలి, అడవి నిలవాలి అని సర్కారు ఆలోచన. అరబికా కాఫీకి నీడ కావాలి. అందుకని సిల్వర్ ఓక్ చెట్లు పెంచారు, వాటిమీదకి మిరియం పాదు ఎక్కించారు. తర్వాత ఐటీడీఏ ద్వారా గిరిజన కుటుంబాల చేతే తోటలు వేయించారు. ఒక్కో కుటుంబానికి ఎకరం, రెండెకరాలు. మనకంటే చిన్న కమతాలు.

ఇక్కడే అసలు సంగతి. అదే కొండ, అదే నీడ, అదే మొక్క. అయినా దశాబ్దాల తరబడి ఆ కాఫీకి పేరు లేదు. కాఫీ కాయ కొమ్మంతా ఒకేసారి పండదండీ. ఎర్రబడినవి ఏరుతూ నాలుగైదు సార్లు కోయాలి. పచ్చివి కలిస్తే కాఫీ వగరుగా, గడ్డి వాసనగా ఉంటుంది. కానీ సంతలో బేరగాడు పచ్చికీ పండుకీ ఒకటే ధర ఇస్తుంటే నాలుగుసార్లు ఎవరు కోస్తారు? కొమ్మ దూసేసి, వాకిట్లో మట్టిమీద ఎండేసి, అందినకాడికి అమ్ముకునేవాళ్ళు. మట్టి వాసన గింజకి పట్టేది.

ఈ లెక్క మారాకే రుచి బయటపడింది. పండుకాయకి వేరే ధర పెట్టి, కోసిన రోజే తొక్క తీసి, జిగురు పోయేదాకా కడిగి, మట్టి తగలకుండా ఆరబెట్టడం మొదలైంది. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, అదేనండీ మన జీసీసీ, కాఫీ కొనుగోలులోకి దిగింది. ఇంకోపక్క నాంది ఫౌండేషన్ తోడుగా గిరిజన రైతులే సహకార సంఘం పెట్టుకున్నారు. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కొట్టు తెరిచారు. 2019లో అరకు అరబికాకి జీఐ గుర్తింపు వచ్చింది.

ఆ రుచి ఎలాంటిదంటే, నిమ్మజాతి పులుపు, వెనక బెల్లం లాంటి సన్నటి తీపి. నీడలో, కొండ చల్లదనంలో కాయ నిదానంగా పండటం వల్ల గింజకి అది పడుతుంది. మనలాగా చికోరీ కలిపి, చిక్కటి పాలు పోసి, రెండు చెంచాల పంచదార వేస్తే మాత్రం ఏమీ తెలీదు. పాలు లేకుండా ఒక గుక్క తాగి చూడండి. విచిత్రం ఏంటంటే, అది పండించే ఇళ్ళల్లో తరాలుగా పొద్దున్నే తాగింది రాగి అంబలి.

ఇదంతా నూజివీడులో కూర్చుని ఎందుకు రాస్తున్నానంటే, మన చిన్నరసం రుచి కూడా కాయ చెట్టుమీద ముదిరితేనే. మనమేమో పూతమీదే తోట గుత్తకిచ్చేస్తాం. గుత్తదారు ముందు ధర కోసం లేతకాయ కోసేస్తాడు, ఆపైన కార్బైడు. నిషేధం కాగితం మీద ఉంది. తిన్నవాడు నూజివీడు రసం ఇంతేనా అనుకుంటాడు. బంగినపల్లికి 2017లోనే జీఐ వచ్చింది, మార్కెట్లో ఆ ముక్క అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అంటే కాగితం ఒక్కటే చాలదు, ముదిరిన కాయకి వేరే ధర పెట్టే కొనుగోలుదారుడు ఉండాలి.

అయితే లెక్క అచ్చంగా ఒకటి కాదు. ఆరబెట్టిన కాఫీ గింజ బస్తాలో నెలలు ఉంటుంది, రసం నాలుగు రోజులు ఆగదు. బేరం కుదరకపోతే వాళ్ళు ఆగగలరు, మనం ఆగలేం.

నవంబరులో అక్కడ కోతలు మొదలవుతాయి. అప్పుడు మనకి తోటల్లో పెద్ద పని ఉండదు. పది మంది కుదిరితే ఒక బండి మాట్లాడుకుని పాడేరు వెళ్ళి, పండుకాయ ఎలా తూస్తున్నారో, డబ్బు ఎన్నాళ్ళకి చేతికొస్తుందో ఆ రైతుల్నే అడిగి వద్దామనుకుంటున్నా. వచ్చేవాళ్ళు కింద పేరు రాయండి.