శ్మశానంలో కూర్చున్న నాలుగోవాడు

చందమామలో బేతాళ కథలు 1955లో మొదలయ్యాయి. పట్టువదలని రాజు, చెట్టుకు వేలాడే శవం, ఆ శవంలో దూరిన బేతాళుడు. ఈ ముగ్గురినీ ఎరగని తెలుగు చదువరి అరుదు. నాలుగోవాడు మరొకడున్నాడు. అర్ధరాత్రి రాజును శ్మశానానికి రప్పించింది వాడే. వాడు అడక్కపోతే రాజు ఆ చెట్టెక్కేవాడు కాడు, బేతాళుడు నోరు విప్పేవాడూ కాడు. అయినా నెలనెలా కథ మొదలయ్యే ఆ పేరాలో వాడి ఊసుండదు. చిత్రకారుడు శంకర్ గీసిన బొమ్మలో కత్తి ఉంది, భుజాన శవం ఉంది, ముందుకు పడే అడుగు ఉంది. ఆ అడుగు ఎవరి దగ్గరికి పడుతోందో ఆ మనిషి మాత్రం బొమ్మలో లేడు.

వాడి పేరు క్షాంతిశీలుడు. భిక్షువు. 11వ శతాబ్దంలో కశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో వాడి సంగతి వివరంగా ఉంది. అక్కడ రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం. శాతవాహనులు ఏలిన పైఠణ్ అదే. భిక్షువు రోజూ కొలువుకు వచ్చి రాజు చేతిలో ఒక పండు పెట్టి, మారుమాట లేకుండా వెళ్లిపోయేవాడు. రాజు దాన్ని కోశాధికారికి అందించేవాడు. ఇలా పదేళ్లు జరిగింది. ఒకరోజు కాపలావాళ్ల చేతుల్లోంచి తప్పించుకున్న పెంపుడు కోతి కొలువులోకి వస్తే, రాజు పండును దానికిచ్చాడు. కోతి కొరికింది. పండులోంచి వెలలేని రత్నం జారిపడింది. పాత పండ్లన్నీ ఏమయ్యాయని అడిగితే, తలుపు కూడా తీయకుండా కిటికీలోంచి లోపలికి పడేస్తూ వచ్చానన్నాడు కోశాధికారి. వెళ్లి చూస్తే పండ్లు కుళ్లిపోయాయి, వాటి మధ్య రత్నాలు రాశిపోసినట్టు మెరుస్తున్నాయి.

నాకు ఈ కథంతటిలో బేతాళుడి ప్రశ్నల కన్నా ఈ పదేళ్లే గొప్పగా అనిపిస్తాయి. రోజుకో రత్నం చొప్పున ధారపోసేవాడికి ఇక కావలసిందేముంటుంది? ఆ రత్నాలు వాడికెక్కడివి? సోమదేవుడు చెప్పడు. కోరిక ఏమిటో మాత్రం చివర్లో బయటపెడతాడు. ఆకాశంలో తిరిగే విద్యాధరుల మీద అధికారం కావాలి వాడికి. అందుకు బలి ఇవ్వాల్సింది మామూలు మనిషిని కాదు, అన్ని మంచి లక్షణాలూ ఉన్న రాజును. కృష్ణ చతుర్దశి రాత్రి మర్రిచెట్టు కింద ఎముకల పొడితో ముగ్గు వేసి కూర్చుంటాడు. శవం తెచ్చిన రాజును సాష్టాంగపడమంటాడు. అంతకుముందే బేతాళుడు హెచ్చరించాడు గనక రాజు తొణకలేదు. రాజును కదా, ఒకరికి మొక్కి ఎరగను, ఎలా మొక్కాలో నువ్వే చేసి చూపించమన్నాడు. భిక్షువు వంగాడు. తల తెగింది.

ఈ భిక్షువు సోమదేవుడి బుర్రలో పుట్టినవాడు కాడు. ఈ తీగ లాగితే డొంక చాలా దూరం, మన శ్రీశైలం దాకా కదులుతుంది. 7వ శతాబ్దంలో బాణుడు రాసిన హర్షచరితంలో భైరవాచార్యుడనే శైవసాధకుడున్నాడు, దక్షిణాది నుంచి వచ్చినవాడు. హర్షుడి వంశానికి మూలపురుషుడైన పుష్యభూతికి అతను శిష్యుడి చేత రత్నాలు పొదిగిన వెండి తామరలు పంపిస్తాడు. తర్వాత కృష్ణ చతుర్దశి నాడు శ్మశానంలో శవం మీద కూర్చుని సాధన చేస్తాను, నువ్వు కాపలా ఉండు అని అడుగుతాడు. కానుకలు, తిథి, శవం, రాజు సాయం, విద్యాధరత్వం అన్నీ క్షాంతిశీలుడి కథలో ఉన్నవే. ఒక్కటే తేడా, భైరవాచార్యుడి మనసులో కుట్ర లేదు. అతను విద్యాధరుడై ఆకాశానికి ఎగిరిపోతాడు, రాజుకు వంశాభివృద్ధి వరం దక్కుతుంది. అదే బాణుడు హర్షుణ్ణి పొగుడుతూ, అడిగినవాళ్ల కోరికలు తీర్చే శ్రీపర్వతమన్నాడు. శ్రీపర్వతమంటే మన శ్రీశైలమే. ఆ రోజుల్లో ఉత్తరాదివాళ్లకు సిద్ధులంటే గుర్తొచ్చే కొండ అదన్నమాట.

మరో వందేళ్లకు గాలి మారింది. భవభూతి మాలతీమాధవంలో అఘోరఘంటుడు శ్రీపర్వతం నుంచే వస్తాడు. చాముండికి మాలతిని బలివ్వబోయి మాధవుడి చేతిలో చస్తాడు. క్షాంతిశీలుడికి భైరవాచార్యుడి నుంచి కానుకలు, ఓర్పు వచ్చాయని, అఘోరఘంటుడి నుంచి కత్తి వచ్చిందని నేననుకుంటాను.

ఈ కథల చట్రం హిమాలయాలు దాటి టిబెట్‌కూ, అక్కణ్ణుంచి మంగోలియాకూ వెళ్లింది. అక్కడా రాకుమారుడు శవాన్ని మోసుకురావాలి, దారిలో పెదవి విప్పకూడదు. కానీ అక్కడ అతణ్ణి పంపేది హంతకుడు కాడు, ఆచార్య నాగార్జునుడు. శ్రీపర్వతమనే పేరున్న మరో చోటు, నాగార్జునకొండ లోయతో ముడిపడిన ఆ బౌద్ధ మహానుభావుడే. కశ్మీరంలో దుర్మార్గుడు కూర్చున్న చోటే టిబెట్‌లో గురువు కూర్చున్నాడు. పాత్ర ఒకటే. సన్యాసి మీద ఊరికెంత నమ్మకం ఉంటే ఆ పాత్రకు అంత వెలుగు.

మా ఏర్పేడులో ఉండి చదివితే ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. ఇక్కడ స్వామి అంటే ముందు గుర్తొచ్చేది మలయాళ స్వామి. తిరుమల కొండ మీద గోగర్భం దగ్గర ఏళ్ల తరబడి తపస్సు చేసి, 1926లో ఇక్కడ వ్యాసాశ్రమం పెట్టి, కులం చూడకుండా, ఆడా మగా తేడా లేకుండా సంస్కృతం, వేదాంతం చెప్పించిన మనిషి. అలాంటి స్వాముల మీద జనం పెట్టుకున్న గురినే క్షాంతిశీలుడు పదేళ్లు వాడుకున్నాడు. అన్నేళ్లూ రాజుకు అనుమానం రాలేదంటే కారణం ఆ కాషాయం. వాడి మీద నాకు కోపమొచ్చేది కత్తి చూసి కాదు, ఇది చూసి.

మరి చందమామ వాణ్ణి ఎందుకు వదిలేసింది? అసలు కథలు పాతికే. అవి అయిపోతే భిక్షువు చావాలి, వాడు చస్తే శీర్షిక ఆగిపోవాలి. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో కొత్త కథలు కట్టించారు, చివర ‘కల్పితం’ అని అచ్చువేశారు. అలా దశాబ్దాలు నడవాలంటే భిక్షువు మర్రికింద అలాగే కూర్చోవాలి, వాడి గురించి ఎవరూ అడక్కూడదు. పత్రిక అవసరమే వాణ్ణి అంత రహస్యపు మనిషిని చేసింది.

అయితే వాడి చావును తెలుగువాళ్లు అప్పటికే కళ్లారా చూశారు. చందమామ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిలే 1951లో పాతాళభైరవి తీశారు. పింగళి నాగేంద్రరావు రచన, కె.వి. రెడ్డి దర్శకత్వం. ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి బలివ్వడానికి గుహలోకి తీసుకెళ్తే, రాముడు కూడా ఎలా మొక్కాలో చూపించమనే అడుగుతాడు. మాంత్రికుడు వంగుతాడు, తల తెగుతుంది. శిష్యుడు సదాజప వెతుక్కుంటూ వచ్చి మూలికతో బతికిస్తాడు. కథాసరిత్సాగరంలో పడ్డ తల పడ్డట్టే పోయినవాడు మద్రాసులో లేచి కూర్చుని, మిగతా సినిమా అంతా తనదే అన్నట్టు నడిపించాడు.