పేరు లేని చావులు

మా సుల్తానాబాద్ వైపు పుట్టిన వారంలోపే పసిగుడ్డు నీలబడి చనిపోతే ఆ చావుకు రోగం పేరు ఉండేది కాదు. గాలి సోకిందనేవారు, గ్రహణం నాడు తల్లి కత్తిపీట పట్టిందనేవారు. నేరం మాత్రం బాలెంతదే. మా అమ్మమ్మ నోట విన్న అలాంటి చావులన్నిటికీ కారణం ఒకటే అనలేను. కానీ అలా చంపే జబ్బుల్లో ఒకదాని చరిత్ర చదివాక, రోగానికి పేరు పెట్టడం స్త్రీలకు ఎంత అవసరమో అర్థమైంది.

ఒళ్లంతటికీ రక్తాన్ని నెట్టేది ఎడమ జఠరిక. కొందరు శిశువుల్లో అదీ, దాని కవాటాలూ, బృహద్ధమనీ సరిగా ఎదగవు. కడుపులో ఉన్నంతకాలం డక్టస్ ఆర్టీరియోసస్ అనే నాళం ద్వారా కుడి గుండె ఆ లోటు తీరుస్తుంది. పుట్టిన కొద్దిరోజుల్లో ఆ నాళం సహజంగా మూసుకుపోతుంది. అంతవరకు పాలు తాగిన బిడ్డ ఒక్కసారిగా చల్లబడుతుంది. నింద పాలిచ్చిన తల్లి మీదికి అంత సులువుగా రావడానికి ఇదీ ఒక కారణం.

వినికిడి కోల్పోయి, పిల్లల గుండె చప్పుడును వేళ్లతో తెలుసుకున్న హెలెన్ టాసిగ్ 1944లో నీలి శిశువుల శస్త్రచికిత్సకు దారి చూపింది. ఎడమ గుండె లోపాన్ని 1952లో మారిస్ లెవ్ వర్ణించాడు. 1958లో జాక్వెలిన్ నూనన్, అలెగ్జాండర్ నాడాస్ 101 కేసులు పరిశీలించి 'హైపోప్లాస్టిక్ లెఫ్ట్ హార్ట్ సిండ్రోమ్' అన్నారు. నూనన్‌కు అప్పుడు ముప్పై ఏళ్లు. పేరు వచ్చాక పాతికేళ్లకు, 1983లో, విలియం నార్వుడ్ బృందం బోస్టన్ నుంచి దశలవారీ శస్త్రచికిత్స ఫలితాన్ని ప్రకటించింది.

గుండె మొదటి ఎనిమిది వారాల్లోనే రూపుకడుతుంది; చాలాసార్లు తల్లికి నెల తప్పిన సంగతి రూఢి అయ్యేలోపే. జన్యువుల పాత్ర కొంత తెలుసు. చాలామందిలో కారణం తేలదు. గ్రహణానికీ కత్తిపీటకీ ఇందులో చోటు లేదు.

ఐదో నెల స్కాన్‌లో ఈ లోపాన్ని చాలావరకు పట్టుకోవచ్చు. పిండంలో తీవ్రమైన లోపం ఉందని వైద్యమండలి తేలిస్తే 24 వారాలు దాటినా గర్భస్రావానికి 2021 చట్టసవరణ అవకాశమిచ్చింది. అయితే స్కాన్ గదిలో తేలిన విషయం ఆమెకు చెబుతున్నారా, వెంట వచ్చిన మగవాళ్లకా? ఉంచుకోవాలో వద్దో నిర్ణయం ఎవరిది? జబ్బు పేరును చీటీ మీద రాసి, అత్తమామల ముందే, తెలుగులో, 'ఇందులో ఈమె తప్పేమీ లేదు' అని చెప్పడం కూడా వైద్యమే.