మూడడుగుల ఆవు, మూడు కొలతలు

పుంగనూరు ఆవు పక్కన మనిషి నిలబడితే దాని మోపురం అతని నడుం దాకా కూడా రాదు. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోలు. వెడల్పాటి నొసలు, పొట్టి కొమ్ములు, ముందునుంచి వెనక్కి వాలిన వెన్ను, దాదాపు నేలను తాకే తోక కుచ్చు దీని గుర్తులు. ఒంగోలు గిత్త పుట్టిందీ తెలుగు నేల మీదే. కోస్తా రైతు నల్లరేగడి దున్నడానికి, బరువు బండి లాగడానికి కొండంత గిత్తను పెంచుకున్నాడు. చిత్తూరు జిల్లా పడమటి మెట్టల రైతు మాత్రం మూడడుగుల ఆవును తరతరాలుగా నిలుపుకున్నాడు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ నేలను చూడాలి.

పుంగనూరు, పలమనేరు ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, కర్ణాటకలోని కోలారు వైపున్న పీఠభూమి. పెద్ద నది లేదు, కాలువల నీరు ఉండేది కాదు. వాన పడి చెరువు నిండితే వరి, లేదంటే రాగి, ఉలవ, సెనక్కాయ. పశువుకు దొరికే మేత కూడా ఆ పంటల వెనక మిగిలేదే: రాగి గడ్డి, ఉలవ పొట్టు, సెనక్కాయ కట్టె, గట్ల మీది కసువు. వాన తప్పిన ఏడు అదీ ఉండదు.

అలాంటి ఇంట్లో ఆవును మొదట కొలిచేది మేతతోనే. పశువు రోజుకు తన బరువులో నూటికి రెండున్నర నుంచి మూడు పాళ్ల ఎండుమేత తింటుంది. నాలుగు వందల కిలోల ఆవుకు పది, పన్నెండు కిలోలు కావాలి. నూటయాభై కిలోల పుంగనూరు ఆవుకు నాలుగు, నాలుగున్నర కిలోలు చాలు. ఒక పెద్ద ఆవు మేతతో రెండు చిన్నావులు బతుకుతాయి. ఒకటి వట్టిపోయినా ఇంకొకటి పాలిస్తుంది. కరువులో ఒకదాన్ని అమ్ముకోవాల్సి వచ్చినా కొట్టం ఖాళీ కాదు. రోజుకు మూడు నుంచి ఐదు లీటర్ల పాలు పిల్లలకు, పెరుగుకు, నెయ్యికి సరిపోయేవి. మామూలు ఆవు పాలలో వెన్న మూడు, నాలుగు శాతం ఉంటే, ఈ పాలలో ఐదు దాటుతుంది. ఎనిమిది దాకా ఉంటుందని పెంచేవాళ్లు చెబుతారు. ఎడ్లు తేలిక నేలలు దున్నేవి, చిన్న బండ్లు లాగేవి. పేడ చేలోకి ఎరువయ్యేది.

జాతికి పేరు పుంగనూరు ఊరి నుంచే వచ్చింది. ఆ ఊరు ఒక జమీందారీకి కేంద్రం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చి కలిసింది. జమీందారు కొట్టాల్లోనూ ఈ ఆవులు ఉండేవని అక్కడ చెప్పుకుంటారు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. ఆవుకు అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక దేశానికి పాలు చాలలేదు. 1965లో జాతీయ డెయిరీ అభివృద్ధి బోర్డు, 1970లో ఆపరేషన్ ఫ్లడ్ వచ్చాయి. ఊళ్లలో పాలకేంద్రాలు వెలిశాయి, పశువైద్యశాలల్లో జెర్సీ, హోల్‌స్టీన్ వీర్యంతో సూదులు వేయడం మొదలైంది. ఆ పని లక్షల కుటుంబాలకు నెలనెలా చేతికి డబ్బిచ్చింది. చిత్తూరు జిల్లా పాలకు పేరుపొందిన జిల్లా అయింది. అయితే ఆవును కొలిచే కొలత మారిపోయింది. ఇప్పుడది లీటరు. పూటకు ఐదారు లీటర్లిచ్చే సంకర ఆవు ముందు రోజంతా కలిపి మూడు నుంచి ఐదు లీటర్లిచ్చే ఆవు నిలవలేకపోయింది. నాటు కోడెలకు విత్తులు కొట్టించారు. ఎదకొచ్చిన పుంగనూరు ఆవుకు కూడా జెర్సీ సూదే వేయించారు. పుట్టిన పెయ్య తల్లికన్నా పెద్దది, ఆ పెయ్య కన్నది ఇంకా పెద్దది. ఆవులు చనిపోకుండానే రెండు మూడు తరాల్లో జాతి కరిగిపోయింది. చివరికి మేలిరకం పశువులు ప్రధానంగా పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలోనే మిగిలాయి.

కేరళలో ఇదే కథ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కొట్టాయం జిల్లాలో వెంబనాడు సరస్సు ఒడ్డున వేచూరు అనే ఊరుంది. ఆ ఊరి పేరుతో ఉన్న ఆవు సగటు ఎత్తు 90 సెంటీమీటర్ల లోపు, బరువు 130 కిలోలు, పాలు రోజుకు మూడు లీటర్ల దాకా. 1961లో కేరళ చేసిన పశు అభివృద్ధి చట్టం లైసెన్సు లేని ఆబోతును ఉంచుకోవడాన్ని నిషేధించింది. 1963లో స్విట్జర్లాండ్ సహకారంతో బ్రౌన్ స్విస్ సంకరం మొదలైంది. ఇరవై ఐదేళ్లు గడిచేసరికి వేచూరు ఆవు దాదాపు మాయమైంది. 1989లో మన్నుత్తి పశువైద్య కళాశాల ఆచార్యురాలు సోసమ్మ ఐప్ విద్యార్థులను వెంటబెట్టుకుని వెతకడం మొదలుపెట్టారు. ఊరూరా తిరిగి, సంకరం కాని కొద్దిపాటి పశువులను కొని తెచ్చి సంతతి పెంచారు. 1998లో వేచూరు పరిరక్షణ ట్రస్టు ఏర్పడింది. 2022లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. చట్టం చేసిన నష్టాన్ని ఒక అధ్యాపకురాలు, ఆమె విద్యార్థులు పూడ్చడానికి పూనుకున్నారు. పశుపోషణ చరిత్రలో అంత గొప్ప పని అరుదు.

పుంగనూరు ఆవుకూ మంచి రోజులు వచ్చాయి. పలమనేరు కేంద్రం తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉంది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మిషన్ పుంగనూరు పేరుతో ఆ విశ్వవిద్యాలయానికి సుమారు 69 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆవు ఏడాదికి ఒక దూడకు మించి ఈనదు. అందుకని మేలైన ఆవుల నుంచి అండాలు తీసి, ప్రయోగశాలలో పిండాలుగా మార్చి, వేరే జాతి ఆవుల గర్భంలో పెట్టడం ఈ పథకంలోని పద్ధతి. 2019 పశుగణనలో పుంగనూరు పశువులు 13 వేలకు పైగా తేలాయి. ఆ సంఖ్యలో సంకరం కలిసినవీ ఉన్నాయి.

2024 సంక్రాంతికి ప్రధాని నరేంద్ర మోదీ ఢిల్లీలోని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన ఫొటోలు దేశమంతా తిరిగాయి. చిత్తూరు పల్లెల్లో సంక్రాంతంటే పసువుల పండగే. కొమ్ములకు రంగులు పూసి, చిట్లాకుప్ప మంట వేసి, పశువులను అక్కడికి తోలుకొస్తారు. ఆ పండగ రోజుల్లోనే ఈ ఆవు దేశమంతటికీ తెలిసింది.

దాంతో మూడో కొలత బలపడింది. అది అంగుళం. ఆవు ఎంత పొట్టిగా ఉంటే అంత ధర. రెండడుగుల ఆవులు లక్షల్లో అమ్ముడవుతున్నాయి, ఇళ్ల హాళ్లలో తిరుగుతున్నాయి. పొట్టితనానికి రికార్డులూ ఉన్నాయి. 2014లో కేరళకు చెందిన మాణిక్యం అనే వేచూరు ఆవు 61.1 సెంటీమీటర్లతో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 2021లో బంగ్లాదేశ్‌కు చెందిన రాణి 50.8 సెంటీమీటర్లతో దాన్ని దాటింది. అప్పటికి రాణి బతికి లేదు, రెండేళ్ల వయసులోనే చనిపోయింది. ఎత్తు ఒక్కటే చూసి దగ్గర బంధువులైన పశువులను దాటిస్తూ పోతే పాలు తగ్గుతాయి, చూలు నిలవదు, దూడలు బలహీనమవుతాయి. జాతి లక్షణం 70 నుంచి 90 సెంటీమీటర్లు. అంతకన్నా కుదించమని మెట్ట రైతు ఎన్నడూ అడగలేదు.

ఆయన అడిగేది తల్లి ఎన్ని ఈతలు ఈనింది, ఎన్నాళ్లు పాలిచ్చింది, కరువు ఏడు ఏం తిని బతికింది అని. నాలుగు కిలోల మేతతో ఇల్లు గడుపుతుందనే ఆయన ఈ ఆవును నిలుపుకున్నాడు. ఈ రోజు ధరకు ఆయనే దాన్ని కొనలేడు. పలమనేరులో పుట్టే దూడల్లో కొన్నయినా ఆ చుట్టుపక్కల ఎకరం, రెండెకరాల కుటుంబాలకు అందే ధరకు చేరాలి. రాగి గడ్డి వాము ఇంకా ఆ ఇళ్ల పెరట్లోనే ఉంది.