పట్టాల మీదికి జారిన సమస్య: ఖరగ్‌పూర్ చెప్పే ఒక పర్యావరణ చరిత్ర



రైలు ప్రయాణం చేసిన ప్రతివారికీ ఒక హెచ్చరిక గుర్తుంటుంది. బండి స్టేషనులో ఆగి ఉన్నప్పుడు మరుగుదొడ్డి వాడరాదని బోగీలో పలకపై రాసి ఉండేది. ఎందుకు వాడకూడదు? బండి కదులుతున్నప్పుడు వాడితే తప్పు లేనిది, ఆగినప్పుడు వాడితే తప్పెలా అవుతుంది? ఈ చిన్న ప్రశ్న వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఈ పాఠంలో పశ్చిమ బెంగాల్‌లోని ఒక రైల్వే పట్టణంలో నిలబడి చూద్దాం. ఆ పట్టణం ఖరగ్‌పూర్.

రైలు కట్టిన ఊరు

ఖరగ్‌పూర్ రైలు వల్ల పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ, పందొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాల్లో ఇక్కడ జంక్షన్ నిర్మించింది. 1900లో కోలాఘాట్ వద్ద రూప్‌నారాయణ్ నదిపై వంతెన పూర్తికావడంతో ఈ జంక్షన్‌కు కలకత్తా వైపు దారి తెరుచుకుంది. 1904 నాటికి పెద్ద వర్క్‌షాపు పని మొదలుపెట్టింది. అప్పటికే తూర్పు కోస్తా వెంట రైలుమార్గం పడింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి మనవాళ్ళు ఆ బండ్లలోనే పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్‌లుగా, పోర్టర్లుగా, పారిశుద్ధ్య కార్మికులుగా స్థిరపడ్డారు. నింపురా, మథురాకాటి వంటి పేటల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది.

1927లో ఇక్కడి వర్క్‌షాపులో పనివారి తొలగింపుకు వ్యతిరేకంగా పెద్ద సమ్మె జరిగింది. ఆ కాలంలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించినవారిలో బరంపురంలో పుట్టిన వి.వి.గిరి ముఖ్యులు. ఆయనే 1969 నుండి 1974 వరకు మన రాష్ట్రపతిగా పనిచేశారు. కార్మికుల ఉద్యోగాల గురించి, కూలి గురించి ఆనాడు పోరాటాలు జరిగాయి. కాని పట్టాల మీద పడే మలాన్ని ఎవరు ఎత్తాలి అన్న ప్రశ్న దేశం ముందుకు రావడానికి మరెన్నో దశాబ్దాలు పట్టింది.

ఒక ఉత్తరం, ఒక గొట్టం

మన దేశపు తొలి రైళ్ళలో కింది తరగతి ప్రయాణికులకు మరుగుదొడ్లు లేవు. బండి ఆగినప్పుడు దిగి, పని ముగించుకుని, పరుగెత్తి ఎక్కవలసిందే. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు సాహిబ్‌గంజ్ డివిజన్ కార్యాలయానికి ఒక ఫిర్యాదు రాశాడు. పనసపండు తిని కడుపు ఉబ్బి అహ్మద్‌పూర్ స్టేషనులో దిగాడట. గార్డు ఈల వేయడంతో ఒక చేత్తో లోటా, మరో చేత్తో ధోవతి పట్టుకుని పరుగెత్తి, అందరి ముందూ పడిపోయాడట. బండి వెళ్ళిపోయింది. ఆ ఉత్తరం న్యూఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. ఈ ఒక్క ఉత్తరం వల్లనే రైళ్ళలో మరుగుదొడ్లు వచ్చాయని చాలామంది చెబుతారు. చరిత్ర విద్యార్థులు అంత తేలికగా ఒక నిర్ణయానికి రాకూడదు. పై తరగతుల్లో ఆ సౌకర్యం అంతకుముందే ఉంది. కింది తరగతులకూ అది కావాలన్న అవసరం ఎంత బలంగా ఉండేదో ఈ ఉత్తరం మనకు చూపిస్తుంది.

మరుగుదొడ్డి వచ్చింది. ప్రయాణికుడి అవమానం తీరింది. కాని ఆ మరుగుదొడ్డి నిజానికి ఒక గొట్టం మాత్రమే. దాని పై చివర బోగీలో ఉంటే, కింది చివర పట్టాల మీదికి తెరుచుకుని ఉండేది. ఖర్చు తక్కువ, యంత్రాలు అక్కరలేదు, గురుత్వాకర్షణే పని చేసేది. బండి పొలాల మధ్య వేగంగా పోతున్నప్పుడు మలం పలచగా చెదిరిపోతుంది. ఎండ, నేలలోని సూక్ష్మజీవులు కొంతకాలానికి దాన్ని మట్టిలో కలిపేస్తాయి. స్టేషనులో అలా జరగదు. అక్కడ బండ్లు ఆగుతాయి, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. కింద ఉండేది కంకర, లేదా కాంక్రీటు.

ఒక చిన్న లెక్క చేద్దాం. బోగీకి 4 మరుగుదొడ్ల చొప్పున 20 బోగీల బండిలో 80 గొట్టాలు. అలాంటి బండ్లు రోజుకు 50 ఆగితే, ఆ స్టేషను పట్టాల మీద 4,000 గొట్టాలు తెరుచుకున్నట్లే. ఇప్పుడు ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారాన్ని ఊహించండి. దాని పొడవు 1,072.5 మీటర్లు. రెండు బండ్లు ఒకదాని వెనుక ఒకటి నిలబడగలవు. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం వచ్చేవరకు ప్రపంచంలో అన్నింటికన్నా పొడవైనది ఇదేనని మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. పరీక్షల్లో ఒక మార్కు తెచ్చిపెట్టిన ఆ కిలోమీటరు పొడవునా చీపురు పట్టుకుని నడిచిన మనిషి గురించి మాత్రం ఏ ప్రశ్నపత్రమూ అడగలేదు.

నష్టం ఎవరికి?

ఈ గొట్టం వల్ల కలిగిన నష్టాన్ని మూడు భాగాలుగా చూడవచ్చు.

మొదటిది ఆరోగ్యం. మలంలోని రోగకారక జీవులు ఈగల ద్వారా, కాళ్ళ ద్వారా, వాననీటి ద్వారా వ్యాపిస్తాయి. పట్టాల వెంట రోజూ నడిచే గ్యాంగ్‌మన్ మీద, బోగీ కింద దూరి పనిచేసే ఫిట్టర్ మీద అది నేరుగా పడేది.

రెండవది లోహక్షయం. మూత్రంలో లవణాలుంటాయి. అందులోని యూరియా విచ్ఛిన్నమై అమ్మోనియాను ఇస్తుంది. ఎప్పుడూ తడిగా ఉండే పట్టా అడుగుభాగంలో, క్లిప్పులు బిగించే చోట, తుప్పు వేగంగా పట్టి ఉక్కును తినేస్తుంది. రైల్వే భద్రతపై అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2012లో ఇచ్చిన నివేదిక ఈ ప్రమాదాన్ని ఎత్తిచూపింది. బహిరంగంగా విసర్జించే మరుగుదొడ్లను తొలగించాలని సూచించింది.

మూడవది మానవ గౌరవం. యంత్రం చేయవలసిన పనిని ఒక మనిషి చేతులకు, అందులోనూ తరతరాలుగా కులం పేరుతో అదే పనికి కట్టుబడిపోయిన మనిషి చేతులకు, అప్పగించాం. బ్రిటిషు కాలంలో ఊడ్చే పనికి తెలుగునాడు నుండి దూరప్రాంతాలకు వెళ్ళిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఢాకా నగరంలో నేటికీ తెలుగు పారిశుద్ధ్య కార్మికుల కాలనీలున్నాయి.

ఇతర దేశాలు ఏం చేశాయి?

ఇది మన ఒక్క దేశపు సమస్య కాదు. జపాన్, జర్మనీ, బ్రిటన్, అమెరికా రైళ్ళు కూడా దశాబ్దాలపాటు పట్టాల మీదికే వదిలాయి. 1964లో జపాన్ షింకాన్సెన్ రైళ్ళను ప్రారంభించినప్పుడు వాటికి మలాన్ని నిలవచేసే ట్యాంకులు అమర్చింది. పాత మార్గాల్లో మాత్రం సమస్య కొనసాగింది. అమెరికాలోని ఫ్లోరిడాలో, నది వంతెన కింద పడవలో చేపలు పడుతున్నవారి మీద ఆమ్‌ట్రాక్ రైలు నుండి మలం పడింది. విషయం న్యాయస్థానానికి వెళ్ళింది. 1989లో ఆ సంస్థ దోషిగా తేలింది. ఆ తర్వాత అక్కడి రైళ్ళు ట్యాంకుల వైపు మళ్ళాయి. బ్రిటన్‌లో పట్టాల మీద పనిచేసేవారి సంఘాలు ఏళ్ళ తరబడి ఈ విషయంపై ఉద్యమించాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ట్యాంకు అనేది కొత్తగా కనిపెట్టవలసిన అద్భుతమేమీ కాదు. ఆ పరిజ్ఞానం ముందే ఉంది. మలం ఎవరి మీద పడుతున్నదో వారి గొంతు వినిపించిన తర్వాతే అది అమలులోకి వచ్చింది.

చట్టం, ఉద్యమం

మన దేశంలో ఆ గొంతు వినిపించినవారిలో బెజవాడ విల్సన్ ఒకరు. ఆంధ్ర నుండి కర్ణాటకలోని కోలారు బంగారు గనులకు వలస వెళ్ళిన తెలుగు దళిత కుటుంబంలో 1966లో ఆయన పుట్టారు. పొడి పాయిఖానాలు శుభ్రం చేసే పని ఆ కుటుంబానిది. 1990ల మధ్యలో, ఆంధ్రప్రదేశ్‌లో పేదల పక్షాన నిలిచిన ఐ.ఎ.ఎస్. అధికారిగా పేరుపొందిన ఎస్.ఆర్.శంకరన్ వంటివారితో కలిసి ఆయన సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నిర్మించారు. 2016లో విల్సన్‌కు రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించే చట్టం 1993లోనే వచ్చింది. అది సరిగా అమలు కావడంలేదని ఈ సంస్థ 2003లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 2013లో వచ్చిన కొత్త చట్టం తన నిర్వచనంలో రైలు పట్టాలను కూడా చేర్చింది. అయితే తగిన పరికరాలు, రక్షణ దుస్తులు ఇస్తే ఆ పని నిషేధం కిందికి రాదన్న మినహాయింపునూ పెట్టింది. 2014 మార్చి 27న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, పట్టాల మీద ఈ పనిని అంతం చేయడానికి రైల్వే ఒక కాలపరిమితితో ప్రణాళిక వేసుకోవాలని చెప్పింది.

మంచుకొండల నుండి బోగీ కిందికి

మరి శాస్త్రం ఏ దారి చూపింది? మొదట ఒక సులువైన ఉపాయం ప్రయత్నించారు. బండి వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటిన తర్వాతే గొట్టం తెరుచుకునే ఏర్పాటు అది. స్టేషను కొంత శుభ్రపడింది. కాని మలం ఊరి బయట పట్టాల మీద పడుతూనే ఉంది. సమస్య తీరలేదు, చోటు మారింది.

అసలైన మార్పు అనుకోని చోటు నుండి వచ్చింది. సియాచిన్ వంటి మంచు ప్రాంతాల్లో సైనికుల మలం కుళ్ళదు, ఏళ్ళ తరబడి అలాగే గడ్డకట్టి ఉంటుంది. దీనికి పరిష్కారంగా గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు, చలిలోనూ పనిచేసే సూక్ష్మజీవుల సముదాయాన్ని తయారుచేశారు. ఆ జీవులనే రైలుకు తెచ్చారు. 2011 జనవరిలో గ్వాలియర్ నుండి వారణాసి వెళ్ళే బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో ఈ బయో టాయిలెట్లు ప్రవేశించాయి.

ఇది పనిచేసే విధానం మీకు తెలిసినదే. ఊళ్ళో గోబర్ గ్యాస్ గుంతను చూసే ఉంటారు. బోగీ కింద బిగించిన ఉక్కు ట్యాంకులో ఆక్సిజన్ లేకుండా జీవించే బ్యాక్టీరియా ఉంటుంది. మలంలోని పెద్ద అణువులను కొన్ని జీవులు చిన్నవిగా విడగొడతాయి. మరికొన్ని వాటిని ఆమ్లాలుగా మారుస్తాయి. చివరి జట్టు ఆ పదార్థాల నుండి మీథేన్, కార్బన్ డై ఆక్సైడ్ వాయువులను తయారుచేస్తుంది. మిగిలిన నీరు క్లోరిన్ కలిసిన తర్వాత బయటికి పోతుంది. 2016లో రామేశ్వరం నుండి మానామదురై వరకు 114 కిలోమీటర్ల మార్గం, పట్టాల మీద మలం పడని తొలి హరిత మార్గమైంది. తర్వాతి సంవత్సరాల్లో దేశమంతటా ప్రయాణికుల బోగీలకు రెండున్నర లక్షలకు పైగా బయో టాయిలెట్లు అమర్చారు.

పరిష్కారం కూడా పరీక్షకు నిలవాలి

ఇక్కడితో కథ సుఖాంతమైందని చెప్పి పాఠం ముగించవచ్చు. కాని అది పూర్తి సత్యం కాదు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2017 నివేదిక ప్రకారం, 2016-17లో తనిఖీ చేసిన బోగీల్లో దాదాపు 2 లక్షల లోపాలు నమోదయ్యాయి. అందులో సగం గొట్టాలు మూసుకుపోయినవే. ఎందువల్ల మూసుకుపోయాయి? నీళ్ళ సీసాలు, గుట్కా పొట్లాలు, గుడ్డలు, పసిపిల్లల డైపర్ల వంటివి మరుగుదొడ్డిలో పడేయడం ఒక ముఖ్య కారణం. ప్లాస్టిక్‌ను ఈ బ్యాక్టీరియా తినలేదు. ఇరుక్కున్న సీసాను తీయవలసింది మళ్ళీ ఒక మనిషే. అంటే మనం కిటికీలోంచి చూస్తూ పారేసిన సీసా, చట్టం వద్దన్న పనిని తిరిగి తెచ్చి ఆ మనిషి చేతిలో పెడుతుంది.

సాంకేతికంగానూ మెరుగుదల ఆగలేదు. 2019లో మొదలైన వందే భారత్ రైళ్ళలో విమానాల్లో మాదిరిగా గాలి పీడనంతో లాగే మరుగుదొడ్లను బయో ట్యాంకులతో జతచేశారు. వీటికి నీరు చాలా తక్కువ చాలు. ఇవి కూడా మూసుకుపోకుండా ఉండాలంటే ప్రయాణికుడి సహకారం తప్పనిసరి.

మనం నేర్చుకోవలసినది

విద్యార్థులారా! పర్యావరణ సమస్య అంటే మనకు మంచుకొండలు కరగడం, అడవులు తరిగిపోవడం గుర్తుకొస్తాయి. అవి ముఖ్యమైనవే. కాని రోజూ మనం చేసే పనిలోనూ ఒక పర్యావరణ సమస్య దాగి ఉంటుంది. మన కంటికి కనిపించకుండా పోయినది భూమి మీద లేకుండా పోలేదు. అది ఎవరి కాళ్ళ కిందనో, ఎవరి చేతుల్లోనో ఉంటుంది. ప్రయాణికుడి అవమానం తీర్చిన ఏర్పాటే కార్మికుడి అవమానమైంది. కనుక ఏ కొత్త పరిష్కారాన్ని చూసినా రెండు ప్రశ్నలు అడగండి. మిగిలిన వ్యర్థం ఎక్కడికి పోతుంది? దాన్ని చివరికి ముట్టుకునేది ఎవరు?

ఈసారి మీరు హౌరా వైపు ప్రయాణిస్తూ ఖరగ్‌పూర్‌లో దిగితే, ప్లాట్‌ఫారం ఎంత పొడవో చూసి ఊరుకోకండి. అంచున నిలబడి ఒక్కసారి కింద పట్టాల వైపు చూడండి. ఆ కాంక్రీటు ఎంత శుభ్రంగా ఉన్నదో, దాన్ని శుభ్రం చేస్తున్నవారి చేతులకు తొడుగులు ఉన్నాయో లేదో గమనించి మీ పుస్తకంలో రాసుకోండి. చదివిన చరిత్రను కళ్ళారా చూసిన దానితో పోల్చుకోవడం అక్కడి నుండే మొదలవుతుంది.