విశాఖ ఏజెన్సీ: భూమి, అటవీ వనరుల పాలన

తూర్పు కనుమల్లోని పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతాల గిరిజన భూములకు, అటవీ వనరులకు వర్తించే పాలనా వ్యవస్థ. అంతవరకు విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న ఈ మన్యం 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. మైదానం నుంచి పాడేరు వెళ్లే దారిలోని చోడవరం (నేడు అనకాపల్లి జిల్లా) ఏజెన్సీ హద్దుకు బయట ఉంది.

చరిత్ర: గుంసూరు, పర్లాకిమిడి తిరుగుబాట్ల తర్వాత 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను సాధారణ కోర్టుల పరిధి నుంచి తప్పించి, ఏజెంటు హోదాలో కలెక్టరుకు అప్పగించింది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు సాగుపై ఆంక్షలకు దారితీసింది. 1922–24 మన్యం పితూరీకి (తిరుగుబాటుకు) దాని నాయకుడు అల్లూరి సీతారామరాజు వ్యక్తిగత ప్రభావమే ప్రధాన కారణమని కొందరు అంటారు. అయితే అటవీ ఆంక్షలు, గూడెం ప్రాంతపు రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ అసలు కారణాలన్న వాదనే బలంగా కనిపిస్తుంది.

భూమి: గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా నియంత్రించే 1917 చట్టం తర్వాత 1959 నాటి 1వ రెగ్యులేషన్ వచ్చింది. 1970 సవరణతో గిరిజనేతరుల మధ్య అమ్మకాలు కూడా చెల్లకుండా పోయాయి. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినట్టే భావిస్తారు. కాదని రుజువు చేయాల్సింది స్వాధీనంలో ఉన్నవాడే. విచారణ స్పెషల్ డిప్యూటీ కలెక్టరుది, అప్పీలు ఏజెంటుకు. బినామీ పేర్లు, నోటిమాట కౌళ్లు ఈ రక్షణను చాలాచోట్ల నీరుగార్చాయి.

గనులు: అనంతగిరి ప్రాంతపు గనుల లీజులపై సమత సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు, ఈ భూ బదిలీ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని మెజారిటీ తీర్పు ఇచ్చింది. ప్రభుత్వ సంస్థలకు, గిరిజన సహకార సంఘాలకు మాత్రం వెసులుబాటు మిగిలింది. ఆ దారిలోనే 2015లో జి.ఓ. 97 బాక్సైట్ కోసం అటవీ భూమిని ఖనిజాభివృద్ధి సంస్థకు కేటాయించింది. గిరిజనుల ప్రతిఘటనతో తవ్వకం ఆగింది.

అటవీ ఫలసాయం: 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ (జి.సి.సి.) చింతపండు, తేనె, కుంకుడుకాయ, కొండచీపుళ్లు సంతల్లో కొంటుంది. 1979 రెగ్యులేషన్ దీనికి గుత్తాధికారం కట్టబెట్టింది. 1996 పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం మాత్రం చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యాన్ని గ్రామసభకూ పంచాయతీకీ ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం సాగు హక్కునూ గుర్తించింది. గ్రామసభ మాట చెల్లినచోటే ఈ హక్కులు కాగితం దాటుతాయి.