డౌన్‌లోడు తెగకుండా సర్వర్ రీస్టార్ట్: ఒక చరిత్ర

పాత చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు పొందారు. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి ఉచితంగా అందించాలన్న మిలియన్ బుక్ ప్రాజెక్టుకు నాయకత్వం వహించిన వారిలో ఆయన ముఖ్యులు. ఆ ప్రయత్నానికి మన దేశంలోని రూపమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందులో ఒక ప్రధాన కేంద్రం.

పుస్తకం సర్వర్‌లోకి చేరింది సరే, చౌడేపల్లెలోని విద్యార్థికి చేరేదెలా? 40 మెగాబైట్ల పుస్తకం సెకనుకు 56 కిలోబిట్ల టెలిఫోన్ లైను మీద, ఏ ఆటంకమూ లేకున్నా, గంటన్నర పడుతుంది. ఆ మధ్యలో నిర్వాహకుడు సర్వర్‌లో చిన్న అమరిక మార్చి రీస్టార్ట్ చేస్తే అంతవరకు వచ్చినదంతా వృథా కావచ్చు. నిర్వాహకుడికి ఒక్క క్షణం పని. నష్టం మాత్రం నిదానమైన లైను ఉన్నవాడిది.

1995లో వెలువడిన అపాచీ సర్వర్‌లో ఒక తల్లి ప్రాసెస్, దాని కింద అనేక పిల్ల ప్రాసెస్‌లు ఉండేవి. ఒక్కొక్క పిల్ల ఒకసారికి ఒక్క పాఠకుడికే ఫైలు అందించేది. తల్లికి 'హప్' అనే సిగ్నల్ పంపితే అది పిల్లలన్నింటినీ అక్కడికక్కడే ఆపేసి, కొత్త అమరికలతో మళ్లీ మొదలుపెట్టేది. 1997 నాటి 1.2 వెర్షన్‌తో రెండో మార్గం నిలదొక్కుకుంది. దీని పేరు గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్. ఇందులో తల్లి పిల్లలను చంపదు. చేతిలో ఉన్న పని ముగించి తప్పుకోమంటుంది. ఒక్కొక్కటీ తప్పుకున్న కొద్దీ ఆ స్థానంలో కొత్త అమరికలు తెలిసిన పిల్ల వస్తుంది. అంటే కొంతసేపు రెండు తరాలు పక్కపక్కనే పనిచేస్తాయి. అసలు కిటుకు ఇదే. 2004లో ఇగోర్ సిసోయెవ్ విడుదల చేసిన ఇంజిన్ఎక్స్ కూడా ఈ సూత్రాన్నే అనుసరించింది; సర్వర్ ప్రోగ్రామునే మార్చవలసి వచ్చినా పాత, కొత్త ప్రోగ్రాములను కలిపి నడిపే వీలు కల్పించింది.

అపాచీ సూచనల్లో ఒక ముచ్చటైన వాక్యం ఉంది. నిదానమైన లైన్ల వారి పనులు చాలావరకు పది నిమిషాల్లోపు ముగుస్తుంటే, పాత లాగ్ ఫైలును ముట్టుకోవడానికి పదిహేను నిమిషాలు ఆగవచ్చని అది చెబుతుంది. లెక్కకు కొలమానం వేగంగా ఉన్నవాడు కాదని గమనించండి.

మరో పరిష్కారం పాఠకుడి వైపు నుంచి వచ్చింది. 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం, ఫైలులో ఫలానా బైటు నుంచి మాత్రమే పంపమని అడిగే అవకాశం ఇచ్చింది. అయితే సర్వర్, డౌన్‌లోడు సాఫ్ట్‌వేర్ రెండూ దాన్ని పాటించాలి. డిజిటల్ లైబ్రరీలో ఒక్కొక్క పుట ఒక్కొక్క చిత్రంగా ఉండటం పాఠకులకు విసుగు తెప్పించేది. కాని లైను తెగితే పోయేది ఒక్క పుటే!

ఓపికకూ ఖర్చు ఉంది. ఒక్క నిదానమైన డౌన్‌లోడు కోసం పాత ప్రాసెస్ గంటల తరబడి మెమరీని పట్టుకుని కూర్చుంటుంది. అందుకే 2017లో ఇంజిన్ఎక్స్‌లో పాత ప్రాసెస్‌లకు గడువు విధించే అమరిక చేరింది. నిర్వాహకుడు అక్కడ పది నిమిషాలని రాస్తే, గంటన్నర పట్టే డౌన్‌లోడు మళ్లీ మధ్యలోనే తెగుతుంది.